పురుగు గెలిచిందా, శరీరం ఒప్పుకుందా?

ఒక జీవి మరొక జీవి శరీరంలో ఏళ్ల తరబడి బతకడం సామాన్యమైన విషయం కాదు. వేలిలో విరిగిన ముల్లు చుట్టూ రెండు మూడు రోజుల్లో చీము పట్టించి దాన్ని బయటికి నెట్టే శరీరమే, ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుండే ఆడ బోదకాలు పురుగును శోషరస నాళాల్లో ఐదారేళ్లపాటు, ఒక్కొక్కసారి అంతకు మించి కూడా ఉండనిస్తుంది. ఆ కాలమంతా అది లక్షల కొద్దీ పిల్లలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. శోషరస నాళాలంటే కణజాలంలో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలు. రోగనిరోధక కణాలు ఒకచోటి నుంచి మరొకచోటికి వెళ్లే దారులు కూడా అవే. కాపలాదారులు నడిచే బాటలోనే ఈ పురుగు కాపురం పెట్టిందన్నమాట. ఈ వైచిత్రికి స్థూలంగా రెండు వివరణలు ఉన్నాయి. పురుగు శరీరాన్ని మోసగించి గెలిచిందనేది ఒకటి. పురుగును వెళ్లగొట్టడానికి పడే పాటు దాన్ని భరించడానికి పడే పాటుకన్నా ఎక్కువ కనుక శరీరమే సర్దుకుపోయిందనేది రెండవది.

ఈ సంవాదంలో ఆ రెండు పక్షాలనూ వినిపించే వక్తలు ఇద్దరూ కల్పితులే. వారిని సికింద్రాబాదులోని సైనిక్‌పురి వాసులుగా ఊహించుకోవచ్చు. సైన్యంలో పనిచేసి విరమించిన కుటుంబాల కాలనీగా పేరుపడి, డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కళాశాలకు నెలవైన ఆ పేటలో వ్యూహం, నిఘా, చొరబాటు వంటి మాటలు వాదానికి వెతక్కుండానే దొరుకుతాయి. మొదటి వక్త సైనిక వైద్య విభాగం నుంచి కర్నల్‌గా పదవీ విరమణ చేసిన వైద్యుడు. రెండవ వక్త నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల గొర్రెల మందల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన పశువైద్యుడు. ఒకరు మనిషిలో ఒక్క పురుగు ఉన్నా సహించరాదనే చదువు చదివినవారు. మరొకరు నట్టలు లేని గొర్రెను ఎన్నడూ చూడనివారు.

కర్నల్‌: ఈ విషయంలో మెత్తటి మాటలకు తావు లేదు, డాక్టరుగారూ. చొరబడినవాడు శత్రువు, చొరబడి ఏళ్ల తరబడి పట్టుబడనివాడు నేర్పరి అయిన శత్రువు. షిస్టోసోమా సంగతి చూడండి. ఆఫ్రికాలో కోట్లమంది రక్తనాళాల్లో నివసించే చదును పురుగు అది. 1969లో బ్రిటన్‌లో స్మిదర్స్, టెర్రీ అనే శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి, చిట్టెలుకల్లో పెరిగిన ఆ పురుగులను తీసి కోతుల రక్తనాళాల్లోకి ఎక్కించారు. మామూలు కోతుల్లో అవి బతికాయి. చిట్టెలుక రక్తకణాలకు విరుగుడుగా ప్రతిదేహాలు తయారయ్యేలా ముందే సిద్ధం చేసిన కోతుల్లో మాత్రం చచ్చిపోయాయి. ప్రతిదేహమంటే పరాయి పదార్థాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్. చిట్టెలుకను గుర్తుపట్టే ప్రతిదేహం పురుగును చంపిందంటే, ఆ పురుగు చిట్టెలుక గుర్తులను ఒంటికి పులుముకుని ఉందనే కదా అర్థం? ఇది మారువేషం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరకే అనలేదు.

పశువైద్యుడు: మారువేషం షిస్టోసోమా విద్య, కర్నల్‌గారూ. పురుగులన్నింటికీ అది రాదు. తెలుగునేల మీద మనుషుల్లో ఎక్కువగా కనిపించే ఏలికపాము, కొంకిపురుగు, బోదకాలు పురుగు గుండ్రని జాతివి. వాటి ఒంటిమీద కొల్లాజెన్‌తో అల్లిన అవభాసిని అనే గట్టి పొర ఉంటుంది. పుట్టినప్పటి నుంచి పెద్దవయ్యేలోగా నాలుగుసార్లు దాన్ని కుబుసంలా విడుస్తాయి. ఆ పొర జీర్ణరసాలకు లొంగదు, తెల్లకణాలు కొరికినా చిరగదు, కాని అదేమీ మారువేషం కాదు. బోదకాలు పురుగు ఉందని శరీరానికి బాగానే తెలుసు. రక్తంలో పురుగు పిల్లలు తిరుగుతున్నా ఏ లక్షణమూ లేని మనిషిని పరీక్షిస్తే, ఆ పురుగుకు సంబంధించిన ప్రతిదేహాలు విస్తారంగా దొరుకుతాయి. వాటిలో ఐజీజీ-4 అనే రకానిది పెద్ద వాటా. అది పురుగుకు అంటుకుంటుంది గాని మంట పుట్టించదు, తెల్లకణాలను ఉసిగొల్పదు. శరీరం దొంగను చూసింది, పేరు రాసుకుంది, కేకలు వేయకుండా ఊరుకుంది.

కర్నల్‌: ఊరుకోవడం ఓటమి కాకపోతే మరేమిటి?

పశువైద్యుడు: ఊరుకోని శరీరం ఏమవుతుందో చూస్తే తెలుస్తుంది. తెలుగువారు ఈస్నోఫీలియా అని పిలుచుకునే జబ్బు ఉంది కదా. ఆ పేరు కింద రకరకాల దగ్గులు చెలామణీ అయ్యే మాట నిజమే గాని, అసలు వైద్యశాస్త్రం చెప్పే ఉష్ణమండలపు ఊపిరితిత్తుల ఈస్నోఫీలియా బోదకాలు పురుగు వల్లనే వస్తుంది. అది వచ్చినవారి రక్తంలో పురుగు పిల్లలు కనిపించవు. రోగనిరోధక వ్యవస్థ వాటిని ఊపిరితిత్తుల్లోనే పట్టుకుని చంపేస్తుంది. చంపడానికి ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలను అపారంగా పెంచుతుంది. ఫలితంగా రాత్రంతా ఆయాసం, తెరలు తెరలుగా దగ్గు. మందు పడకపోతే ఊపిరితిత్తులే గట్టిపడిపోతాయి. పురుగుపై గెలిచిన శరీరం మంచం పట్టింది, రాజీపడిన శరీరం పొలం పనికి పోతోంది. ఇందులో ఓడిందెవరు?

కర్నల్‌ ఇక్కడ కొంత తగ్గక తప్పదు, ఎందుకంటే ఈ వాదానికి ఒక తెలుగు శాస్త్రజ్ఞుని పేరుతో ముడిపడిన మందు కూడా బలమిస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో, 1947లో, డైఇథైల్‌కార్బమజీన్ అనే రసాయనం బోదకాలు పురుగుపై పనిచేస్తుందని అక్కడి బృందం కనుగొంది. హెట్రజాన్ పేరుతో అది బజారులోకి వచ్చింది. మరుసటి ఏడాదే సుబ్బారావు మరణించారు. ఆయనను గూర్చి తెలుగులో వెలువడే వ్యాసాలు ఆరియోమైసిన్ దగ్గరో, క్యాన్సర్ మందుల దగ్గరో ఆగి దీన్ని ఒక వాక్యంలో దాటిపోతుంటాయి. ఈ మందు నడక మాత్రం నిలిచి చూడదగినది. గాజుపాత్రలో ఉన్న పురుగు పిల్లల మీద దీన్ని పోస్తే అవి పెద్దగా చలించవు. అదే మందును మనిషి మింగితే, అతని రక్తంలోని పిల్లలు కొద్దిసేపట్లోనే పలచబడిపోతాయి. రెండు చోట్లా మందు ఒకటే, పురుగు ఒకటే. తేడా అల్లా శరీరమే. అంటే ఈ మందు చేసే పనిలో ముఖ్యభాగం పురుగుకు విషం పెట్టడం కాదని, శరీరపు సొంత రక్షణ యంత్రాంగం వాటిపై పడేలా చేయడమని తేలుతుంది. వేసుకున్నవారిలో కొందరికి ఆ రాత్రి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు రావడానికి కారణం కూడా చచ్చిన పురుగులపై శరీరం లేపే రభసే. మాత్ర వల్ల జ్వరం వచ్చిందని ఊళ్లలో భయపడతారు గాని, ఆ జ్వరం రక్తంలో పురుగు ఉందనడానికి గుర్తు.

కర్నల్‌ తన పక్షానికి సైనిక చరిత్ర నుంచి సాక్ష్యం తెస్తారు. భారతదేశంలో పనిచేసి వెళ్లిన బ్రిటిష్ సైనికుల్లో కొందరికి స్వదేశానికి వెళ్లిన కొన్నేళ్లకు మూర్ఛలు మొదలయ్యాయి. అప్పటిదాకా మానసిక జబ్బుగానో, వంశపారంపర్యంగానో చెప్పుకున్న ఆ మూర్ఛలకు కారణం మెదడులో చేరిన బద్దెపురుగు తిత్తులని 1930లలో మెకార్థర్ అనే సైనిక వైద్యుడు చూపించాడు. ఆ తరువాత 1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ అనే వైద్యులు అలాంటి 450 మంది రోగుల చరిత్రలను ప్రచురించారు. తిత్తి అంటే బద్దెపురుగు డింభకం, అనగా పిల్ల దశ, తన చుట్టూ కట్టుకునే నీటిబుగ్గ వంటి గూడు. పురుగు ఒంట్లో చేరిన నాటికీ తొలి మూర్ఛకూ మధ్య ఆ సైనికుల్లో తరచుగా కొన్నేళ్ల వ్యవధి ఉంది.

కర్నల్‌: శత్రువు అంతకాలం మెదడులో పొంచి ఉండి, అదను చూసి దెబ్బ తీసిందని దీనర్థం కాదా?

పశువైద్యుడు: ఆ ఏళ్లలో పురుగు బతికి ఉంది, కర్నల్‌గారూ, సైనికుడు కవాతు చేశాడు. మూర్ఛ సాధారణంగా వచ్చేది తిత్తి చావడం మొదలైనప్పుడు. బతికి ఉన్నంతకాలం డింభకం కొన్ని పదార్థాలు స్రవిస్తూ చుట్టూ మంట లేవకుండా చూసుకుంటుంది. వాటిలో ఒకటి, రక్తంలో పరాయి కణాలను పగలగొట్టే ప్రోటీన్ల గొలుసులో మొదటి కొక్కేన్ని పట్టి ఆపేస్తుంది. డింభకం ముసలిదై ఆ స్రావాలు ఆగినప్పుడు శరీరం ఒక్కసారిగా దానిమీద పడుతుంది. ఆ వాపు మెదడుకు తగిలి మూర్ఛ వస్తుంది. ఇప్పటికీ వైద్యులు తిత్తిని చంపే ఆల్బెండజోల్ ఇచ్చేటప్పుడు దానితోపాటు స్టెరాయిడ్ ఎందుకిస్తారు? పురుగు నుంచి మెదడును కాపాడటానికి కాదు, పురుగుపై శరీరానికి వచ్చే ఆగ్రహం నుంచి కాపాడటానికి.

ఇక్కడ ఒక పక్కమాట అవసరం. పందిమాంసం ముట్టనివారికి ఈ జబ్బు రాదనే నమ్మకం తెలుగు ఇళ్లలో బలంగా ఉంది, అది పొరపాటు. సరిగా ఉడకని పందిమాంసం తింటే పేగులో పెద్ద బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకు చేరేది ఆ మాంసంలోని తిత్తి కాదు. పేగులో పురుగున్న మనిషి మలంతో వెలువడే గుడ్లు చేతులు, నీరు, పచ్చికూరల ద్వారా మరొకరి నోట్లో పడినప్పుడు, ఆ గుడ్ల నుంచి వచ్చిన డింభకాలు రక్తంలో ప్రయాణించి మెదడులో చేరతాయి. శుద్ధ శాకాహారికి కూడా ఈ గండం ఉంది.

సర్దుబాటు సిద్ధాంతం ఇంతవరకు గెలుస్తున్నట్టే కనిపిస్తుంది. దానికి గట్టి దెబ్బ కర్నల్‌ చేతిలోనే ఉంది, దాన్ని ఆయన ఆలస్యంగా తీస్తారు.

కర్నల్‌: శరీరం ఒప్పుకుందని పదేపదే అంటున్నారు. ఒప్పుకోలు పత్రం మీద సంతకం ఎవరిదో చూశారా? మన కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని సంకేత ప్రోటీన్లను వాడతాయి. అలాంటి వాటిలో ఎంఐఎఫ్ ఒకటి. బోదకాలు కలిగించే మరో పురుగు బ్రూజియా మలయీ, ఆ ప్రోటీన్‌కు నకలు తానే తయారు చేసి బయటికి వదులుతుంది. చిట్టెలుక పేగులో ఉండే ఒక పురుగుది ఇంకా చోద్యం: ‘ఇక ఆపండి’ అని రోగనిరోధక కణాలకు చెప్పే టీజీఎఫ్-బీటా అనే సంకేతానికి బదులు, నిర్మాణంలో దానితో ఏ చుట్టరికమూ లేని, పనిలో మాత్రం అచ్చంగా అదే అయిన ప్రోటీన్‌ను ఆ పురుగు స్రవిస్తుందని 2017లో బయటపడింది. దాన్ని అందుకున్న కణాలు శాంతికాముకులుగా మారిపోతాయి. ఇది శరీరం తీసుకున్న నిర్ణయమా, శరీరం పేరిట పురుగు పుట్టించిన దొంగ ఉత్తరువా?

పశువైద్యుడు: ఉత్తరువు దొంగదే కావచ్చు. అది చెల్లుబాటు కావడానికి శరీరంలో అలాంటి ఉత్తరువును మన్నించే ఏర్పాటు ముందే ఉండాలి కదా. తల్లి కడుపులో సగం పరాయిదైన పిండాన్ని భరించేది, పేగులో కోట్ల సూక్ష్మజీవులను భరించేది ఆ ఏర్పాటే. దాన్ని మూసేసుకుంటే పురుగుతోపాటు సంతానం కూడా పోతుంది.

కర్నల్‌: సరే, భరించడానికి అయ్యే ఖర్చు తక్కువన్నారు, అదైనా నిజమేనా? 1990లలో బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వైద్యులు ఏ లక్షణమూ లేని మగవారికి అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తే, వెడల్పయిన శోషరస నాళంలో పెద్ద పురుగులు ఆగకుండా మెలికలు తిరగడం తెర మీద కనిపించింది. దానికి ఫైలేరియా నాట్యం అని పేరు పెట్టారు. నాళం వెడల్పయ్యిందంటే అందులోని కవాటాలు సరిగా మూసుకోవు, నీరు పైకి ఎక్కదు, చర్మంలో పగుళ్ల నుంచి చొరబడే బాక్టీరియాను కాలు ఎదుర్కోలేదు. వాపు పదేళ్ల తరువాత కనిపించవచ్చు; దానికి పునాది ఆ ‘శాంతి’ కాలంలోనే పడింది. తెలంగాణలో 2018 నుంచి బోదకాలు బాధితులకు నెలనెలా పింఛను ఇస్తున్నారు. ఆ పింఛను మీరన్న రాజీకి లోకం కడుతున్న వడ్డీ. కొంకిపురుగు మాటేమిటి? రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాలను పేగు గోడలోకి ఎక్కించి, ఒక్కో పురుగు రోజుకు 0.03 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. అది దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించే నెకేటర్ జాతి లెక్క. రెండో జాతి అంతకు ఐదారు రెట్లు తాగుతుంది. వంద పురుగులున్న ఆడపిల్ల రోజుకు మూడు మిల్లీలీటర్లు పోగొట్టుకుంటూ, నెలసరిలో మరికొంత పోగొట్టుకుంటూ, అన్నం, పచ్చడితో దాన్ని తిరిగి ఎలా కూడగట్టుకుంటుంది? ఆమె శరీరం ఏ ఒడంబడిక మీద సంతకం చేసింది?

పశువైద్యుడు దీనికి నేరుగా జవాబు చెప్పరు. నిజానికి నేరుగా జవాబు లేదు కూడా. ఆయన గొర్రె దగ్గరికి వెళతారు. గొర్రె నాలుగో పొట్టలో హీమాంకస్ అనే నట్ట ఉంటుంది. తెల్లని గుడ్లగొట్టం ఎర్రని పేగు చుట్టూ మెలిపెట్టుకుని ఉండటం వల్ల అది చారల తాడులా కనిపిస్తుంది. అది కూడా రక్తమే తాగుతుంది. దాన్ని కనిపెట్టడానికి అనుభవమున్న కాపరికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. గొర్రె తలను చంకలో ఇరికించుకుని, బొటనవేలితో పైరెప్పను మెల్లగా నొక్కి, కింది రెప్పను లాగితే లోపలి పొర కనిపిస్తుంది. ఎర్రగా ఉంటే గొర్రె బాగున్నట్టు, పాలిపోతే రక్తం తగ్గినట్టు, కాగితంలా తెల్లబడితే ఆలస్యమైనట్టు. దవడ కింద నీరు దిగితే ఇక చెప్పనవసరం లేదు. దక్షిణాఫ్రికా పశువైద్యులు ఈ చూపునే ఐదు రంగుల అట్టగా అచ్చువేసి ప్రపంచమంతా వ్యాపింపజేశారు. ఆ అట్టతో మందను పరీక్షిస్తే తేలే సంగతి ఏమిటంటే, మందలోని నట్టల్లో అధికభాగం కొద్ది గొర్రెల్లోనే పోగుపడి ఉంటుంది. మిగతావి తలా కొన్నింటిని మోస్తూ సుఖంగా మేస్తుంటాయి.

పశువైద్యుడు: మనుషుల్లోనూ ఇంతే, కర్నల్‌గారూ. 1980లలో పులికాట్ సరస్సు ప్రాంతపు మత్స్యకారుల మధ్య ఏలికపాముల మీద చేసిన పరిశోధన ఉంది. మందిచ్చి పురుగులను రాల్చి లెక్కపెట్టారు. ఎక్కువ పురుగులు కొద్దిమందిలోనే ఉన్నాయి. కొన్ని నెలల తరువాత మళ్లీ చూస్తే, మునుపు ఎక్కువగా ఉన్నవారికే మళ్లీ ఎక్కువగా చేరే మొగ్గు కనిపించింది. అలవాట్లో, ఇంటి పరిసరాలో, పుట్టుకతో వచ్చిన గుణమో, అన్నీ కలిసో. తమరు చెప్పిన ఆడపిల్ల ఆ కొద్దిమందిలో ఒకతె. ఆమె విషయంలో రాజీ విఫలమైంది, కాదనలేం. ఒక పురుగు రాజీ పడగలదు, వంద పురుగులు పడలేవు.

కర్నల్‌: అలాగైతే అందరికీ మందు పోసి పురుగే లేకుండా చేస్తే సరిపోదా?

పశువైద్యుడు: గొర్రెల్లో ఆ పని చేసి దెబ్బతిన్నారు. మంద మొత్తానికి ఏటా మళ్లీ మళ్లీ నట్టల మందు తాగిస్తే, మందుకు చావని నట్టలే మిగిలి, వాటి సంతానమే గడ్డిమీద పరుచుకుంటుంది. అందుకే ఇప్పుడు రెప్ప పాలిపోయిన గొర్రెకే మందు పోసి, మిగతావాటిని వదిలేయమంటున్నారు. వదిలిన గొర్రెల్లోని మందుకు లొంగే నట్టలు, లొంగని వాటిని పలచన చేస్తాయి.

పురుగులు మనిషికి మేలు కూడా చేస్తాయన్న ప్రస్తావన ఈ దశలో రాక మానదు. చెన్నైలో జరిగి 2010లో వెలువడిన ఒక పరిశీలనలో టైప్-1 మధుమేహం ఉన్నవారిలో బోదకాలు పురుగు సోకినవారు ఇతరులకన్నా తక్కువగా కనిపించారు. సొంత శరీరంపై తిరగబడే రోగనిరోధక వ్యవస్థను పురుగు చల్లబరుస్తుందేమో అనే ఆలోచన అక్కడి నుంచి బలపడింది. పంది కొరడాపురుగు గుడ్లను పేగు వాపు రోగులకు తాగించిన తొలి ప్రయోగాలు ఆశ పుట్టించాయి గాని, తరువాతి పెద్ద ప్రయోగాల్లో ఆ ఆశ నిలవలేదు. పశువైద్యుడు ఈ దారిలో ఎంత దూరం వెళ్లినా ఆయన వాదానికి బలం పెరగదు. వెళ్లకపోవడమే మంచిది.

ఇంతవరకు ఇద్దరూ శరీరం లోపలే నిలబడి వాదించారు. పురుగు అన్నేళ్లు లోపల ఉండవలసిన అవసరం ఎందుకొచ్చిందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. దానికి జవాబు బయట ఉంది. బోదకాలు పురుగు పిల్లలు, అనగా మైక్రోఫైలేరియాలు, మిల్లీమీటరులో నాలుగో వంతు పొడవుంటాయి. పుట్టిన శరీరంలో అవి ఎన్నటికీ పెద్దవి కావు. పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో తలదాచుకుని, రాత్రి బాగా పొద్దుపోయాక చర్మం కిందికి వస్తాయి, ఎందుకంటే ఈ ప్రాంతంలో వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రిపూట. దోమ పగలు కుట్టే పసిఫిక్ దీవుల్లో ఇదే జాతి పిల్లలు పగటిపూట కూడా పైకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక ఇంటింటికీ వెళ్లి నిద్రమత్తులో ఉన్నవారిని లేపి వేలి చివర గుచ్చుతారు. గాజు పలక మీద మందంగా పులిమిన రక్తం ఆరాక, నీటితో ఎర్రకణాల రంగు కడిగి, రంగుమందు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే, తెల్లకణాల చుక్కల నడుమ నున్నని వంపులు తిరిగిన సన్నని ప్రాణి కనిపిస్తుంది. ఒంటికన్నా పొడవైన పలచని తొడుగు దాని తలా తోకా దాటి కనిపిస్తుంది. పగలు తీసిన రక్తంలో అదే మనిషికి ఏమీ కనిపించకపోవచ్చు.

దోమ అంత రక్తం పీల్చినా పిల్లలు దానిలో వృద్ధి కావు. ఒక పిల్ల బతికి బట్టకడితే ఒక్క డింభకమే అవుతుంది. పది పన్నెండు రోజుల తరువాత దోమ మళ్లీ కుట్టేటప్పుడు ఆ డింభకం చర్మం మీదకు జారి, కాటు పడిన రంధ్రం వెతుక్కుని పాకాలి. చర్మం పొడిగా ఉంటే ఎండి చచ్చిపోతుంది. పాకినా జత దొరకాలి. మలేరియా క్రిమికి ఇన్ని కష్టాలు లేవు. దోమలో వేలుగా పెరిగి, సూదిమందులా నేరుగా లోపలికి వెళుతుంది. చైనాలోని అమోయ్ రేవులో 1877లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు తన తోటమాలి రక్తం పీల్చిన దోమలో ఫైలేరియాను, అనగా బోదకాలు పురుగును, చూసి, దోమ నీళ్లలో పడి చచ్చాక ఆ నీళ్లు తాగితే మనిషికి సోకుతుందని అనుకున్నాడు. ఆ తప్పు ఊహలోని సగం నిజాన్ని పట్టుకునే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న పరాన్నజీవి శాస్త్ర సంస్థకు మూలపురుషుడు ఒక విధంగా ఈ బోదకాలు పురుగే.

దారి ఇంత కష్టమైనది కనుకనే పురుగు లోపల అంతకాలం బతకాలి. వేలాది దోమకాట్లలో ఒకటి ఫలించేదాకా అది పిల్లలను కంటూ నిరీక్షించాలి. నిరీక్షించాలంటే అతిథేయిని, అనగా ఆశ్రయమిచ్చిన శరీరాన్ని, చంపకూడదు, రెచ్చగొట్టకూడదు. కర్నల్‌ చూపిన దొంగ ఉత్తరువులకూ, పశువైద్యుడు చూపిన సర్దుబాటుకూ మూలం ఈ నిరీక్షణే. రోజుకు రెండు లక్షల గుడ్లు పెట్టి మట్టికి వదిలే ఏలికపాము ఏడాది రెండేళ్లలో వెళ్లిపోతుంది. దానికి అంతకన్నా అవసరం లేదు.

కర్నల్‌ కడపటి సాక్ష్యంగా నారికురుపును తెస్తారు. దిగుడుబావిలో నీళ్లతోపాటు సైక్లాప్స్ అనే నీటిపురుగును మింగితే, దానిలోని డింభకం శరీరంలోకి చేరి, జతకూడాక మగది చచ్చిపోగా, ఆడది దాదాపు మీటరు పొడవు పెరిగి, ఏడాదికి కాలి చర్మం కింద బొబ్బ లేపేది. మంట భరించలేక మనిషి బావిమెట్లు దిగి కాలు నీళ్లలో పెడితే అక్కడ పిల్లలను కక్కేది. పురుగు తలను పుల్లకు చుట్టి రోజుకు కొద్దికొద్దిగా లాగేవారు. తెగిందా, లోపల మిగిలిన ముక్క మీద శరీరం విరుచుకుపడి కాలంతా వాచేది. దానికి మందు లేదు, టీకా లేదు. ఒకసారి వచ్చినవారికి మరుసటి ఏడాది మళ్లీ రాదనే భరోసా ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో 1984లో సుమారు 40 వేల మంది దీనితో బాధపడ్డారు. బావిమెట్లు మూయించి, నీళ్లు గుడ్డతో వడకట్టించి, సైక్లాప్స్‌ను చంపే మందు చల్లి, చేతిపంపులు వేయడంతో 1996 జూలైలో రాజస్థాన్‌లో చివరి రోగి కనిపించాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది.

కర్నల్‌: యుద్ధం గెలవవచ్చని ఇంతకన్నా రుజువేముంది?

పశువైద్యుడు: గెలిచిన మాట నిజమే. ఒక్క శరీరం లోపల కూడా పోరాటం జరగలేదు, కర్నల్‌గారూ. పురుగు కోసం ఎవరూ శరీరంలోకి చూడలేదు. ఏడాదిపాటు దాన్ని బావికి చేరనివ్వలేదు, అంతే.

ఈ ఒక్క మాట దగ్గర ఇద్దరూ ఒకే చోటికి చేరతారు, అయితే గొర్రెకూ మనిషికీ ఉన్న తేడాను కర్నల్‌ మరువనివ్వరు. గడ్డినేలల మీద నట్టలకు అంతం లేదు. మనిషిలోని బోదకాలు పురుగు వుచెరేరియా బాంక్రాఫ్టైకి మాత్రం మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు. దారిని పెద్ద పురుగు ఆయుష్షు మేరకు మూసి ఉంచితే అది సంతానం లేకుండానే ముసలిదై పోతుంది. 2004 నుంచి దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలు పంచే కార్యక్రమం వెనుక ఉన్న లెక్క ఇదే. మాత్ర పెద్ద పురుగును పూర్తిగా చంపకపోయినా, రక్తంలోని పిల్లలను దోమకు దొరకనంత పలచబరుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఐదు విడతలని, ప్రతి విడతలోనూ జనాభాలో నూటికి 65 మందికి తగ్గకుండా మింగాలని చెప్పడానికి కారణం పురుగు సంతానోత్పత్తి చేసే ఏళ్ల సంఖ్యే. కాలు వాచినవారికంటే వాపు లేనివారి రక్తంలోనే పిల్లలు ఎక్కువగా దొరుకుతాయి కనుక, ‘జబ్బు లేదు, మాత్ర ఎందుకు’ అనే ప్రశ్నకు ఈ కార్యక్రమంలో చోటు లేదు. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవారు తప్ప మిగతావారంతా, మాత్రలు పంచే ఆశా కార్యకర్త గుమ్మం దాటకముందే, ఏదైనా తిన్న తరువాత, ఆమె ఎదుటే వాటిని మింగాలి. గూట్లో దాచిన మాత్ర దోమను ఆపదు.